మూడో ముక్క

సూది విరిగితే ఆ వరుసలో మిషన్లన్నీ ఆపేయాలి. కంపెనీలో అది రూలు. విరిగిన ముక్కలన్నీ దొరికి, ఒకదాని పక్కన ఒకటి పెడితే నిండు సూది అయ్యేదాకా ఎవరూ మిషను కదపకూడదు. ఆ రోజు పదకొండున్నరకి విరిగింది ఆమె మిషన్లోనే. ప్యాంటు నడుంపట్టీలో నాలుగు మడతలు కలిసే చోట టక్కుమని శబ్దమైంది.

రెండు ముక్కలు దొరికాయి. మొన దొరకలేదు. సూపర్‌వైజరు తాడు కట్టిన అయస్కాంతం తెచ్చి బల్ల మీదా, కిందా, బట్ట మడతల మీదా తిప్పింది. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంది గనుక ఆవిడని అందరూ టేపు మేడం అంటారు.

"నీ చేతిలో సూదులు నిలబడవా ఏంటి తల్లీ! ఈ వారంలో ఇది రెండోది."

"మడత మందంగా ఉంది మేడం."

"మడత అందరికీ అంతే మందం. నీ ధ్యాసే ఇక్కడ లేదు."

అది నిజమే. ఆమె ధ్యాస బడి దగ్గరుంది. పొద్దున పిల్ల గుమ్మంలో కూర్చుని, మోకాలు నొప్పి, ఇవాళ మానేస్తానంది. మోకాలికి ఎక్స్‌రే రెండుసార్లు తీయించారు. రెండుసార్లూ ఏమీ లేదన్నారు. ఆమె చెయ్యి పట్టి లేపి, బడిలో దించి వచ్చింది.

చివరికి బట్ట మడతలోంచి మొన అయస్కాంతానికి అతుక్కుని వచ్చింది. టేపు మేడం మూడు ముక్కల్నీ రిజిస్టరులో వరసగా పేర్చి, పైన ప్లాస్టిక్ టేపు అంటించి, సంతకం పెట్టమంది. ఎనిమిదో తరగతిలో ఆగిపోయిన గుండ్రటి అక్షరాలతో ఆమె సంతకం పెడుతుండగానే ఆఫీసు బల్ల మీద ఫోను మోగింది. బడి నుంచి.

ఆటల టీచరు గేటు దగ్గరే నిలబడి ఉంది. పక్కన మెట్టు మీద ఒళ్లో సంచీ పెట్టుకుని పిట్ట కూర్చుంది. ఆరేళ్లొచ్చినా బరువు పెరగలేదని నాయనమ్మ పెట్టిన పేరు అది.

"చూడండమ్మా, పరుగు అనగానే దీనికి మోకాలు నొప్పొస్తుంది. లోపల కూర్చోబెడితే బొమ్మలేసుకుంటూ నవ్వుతుంది. అలవాటైపోతే మాన్పించడం కష్టం. మీ మంచికే చెప్తున్నా."

"ఎక్కడే నొప్పి?" అంది ఆమె.

పిట్ట తొడ మీద చెయ్యి పెట్టింది.

"పొద్దున మోకాలన్నావుగా!"

"అప్పుడు మోకాలే. ఇప్పుడు ఇక్కడ."

"సాయంత్రానికి భుజం దాకా పాకుతుంది లెండి" అంది టీచరు. పిల్లలకి అన్నం తెచ్చి నిలబడ్డ ఇద్దరు తల్లులు కిసుక్కుమన్నారు.

ఆమె చెవులు వేడెక్కాయి. సగం రోజు జీతం పోయిందని కాదు, ఆ నవ్వు వల్ల. విసవిసా నడిచింది. వెనక చెప్పుల చప్పుడు ఒకటి గట్టిగా, ఒకటి మెల్లిగా వినపడుతోంది. తిరిగి చూస్తే పిట్ట బడి గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక్కి వెళ్లి, ఆ ఇద్దరు తల్లులూ చూస్తుండగానే, పిల్ల చెంప మీద ఒకటి వేసింది.

"ఇంకోసారి కుంటావంటే చూడు!"

పిట్ట ఏడవలేదు. గోడ వదిలేసింది. పెదవులు బిగించి, రెండు కాళ్లూ సమంగా వేస్తూ వీధి మలుపు దాకా నడిచింది.

"మరి నడవగలవుగా" అంది ఆమె.

ఇంటికొచ్చాక అత్త పిల్ల గడ్డం పట్టుకుని చెంప వెలుతురు వైపు తిప్పి చూసింది. కోడలి వైపు చూడకుండానే, "నాటకమైతే జనం ఉన్న చోట ఆడతారే అమ్మాయ్" అంది. "నిన్న ఇది స్నానాల గదిలో ఒక్కతే గోడ పట్టుకుని నడుస్తోంది. తలుపు సందులోంచి చూశా. అక్కడ దాని నాటకం చూసేదెవరు, బకెట్టా?"

* * *

ఎముకల డాక్టరు ముసలాయన. ఆమె సంచీలోంచి ఎక్స్‌రేలు తీసిస్తే వాటిని పక్కన పెట్టి, పిట్టని బల్ల మీద పడుకోమన్నాడు. ఎడమ మోకాలు మడిచి, పాదం పట్టుకుని కాలుని లోపలికీ బయటికీ తిప్పాడు. మూత తిప్పినట్టు సులువుగా తిరిగింది. కుడి కాలు పట్టుకున్నాడు. సగంలో ఆగిపోయింది. పిట్ట కింది పెదవి పళ్ల కిందికి పోయింది.

"నొప్పిగా ఉందా తల్లీ?"

పిట్ట ముందు అమ్మ ముఖం చూసింది. తర్వాత డాక్టరుని చూసింది.

"లేదు."

ఆయన ఇంకాస్త తిప్పాడు. పిల్ల కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఇప్పుడు?"

మళ్లీ అమ్మ వైపు చూపు. "లేదు."

డాక్టరు కాలుని మెల్లిగా కింద పెట్టి, ఆ చూపు వచ్చి ఆగిన చోటికి తనూ చూశాడు. ఆమె తల దించుకుని సంచీ జిప్పు లాగుతూ కూర్చుంది.

"ఎన్నాళ్లనించి లేదంటోంది?"

"నిన్నటినించండీ" అంది ఆమె. "అంతకుముందు ఉందనే అనేది. ఒకసారి మోకాలని, ఒకసారి తొడని. నాటకాలేమో అనుకున్నాం."

"మోకాలు తప్పేమీ లేదమ్మా. గొడవ తుంటి కీలులో. పిల్లల్లో అక్కడి నొప్పి మోకాల్లో తెలుస్తుంది. అది సరిగ్గానే చెప్పింది, మనమే తప్పుచోట వెతికాం."

ఆయన తెల్ల కాగితం మీద గుండ్రంగా బంతి, దాని మీద టోపీలా గిన్నె గీశాడు. తొడ ఎముక పైకొనలో ఈ బంతి ఉంటుంది, కొందరు పిల్లల్లో ఎందుకో దానికి రక్తం అందడం మానేస్తుంది, రక్తం లేని ఎముక మెత్తబడి, నడిచే బరువుకి నొక్కుకుపోతుంది అన్నాడు. "బంతి నొక్కుకుపోయాక మళ్లీ గుండ్రంగా చెయ్యడం నావల్ల కాదు. జీవితాంతం కుంటాల్సిందే. నొక్కుకోకముందే తెలిస్తే బరువు పడకుండా కాపాడుకోవచ్చు."

"ఎక్స్‌రేలో తెలీదా?"

"ఎక్స్‌రేకి ఆకారమే తెలుస్తుంది, అది కూడా చెడిపోయాక. ఎమ్మారై చెయ్యాలి. అందులో ఇప్పుడు కొత్త పద్ధతి వచ్చింది. చేతి నరంలో మందు ఎక్కించి, అది ఎముకలోకి చేరుతుందో లేదో వెంటవెంటనే బొమ్మలు తీసి చూస్తారు. చేరితే రక్తం అందుతున్నట్టు. అయితే ముప్పావుగంట పిల్ల కదలకూడదు. కదిలితే బొమ్మ అలుక్కుపోతుంది. మత్తిచ్చి చేయాలంటే వరసలో ఆరువారాలు. మత్తు లేకుండా అయితే రేపు రెండున్నరకి ఒకటి ఖాళీ అయింది."

"కదలదండీ" అంది ఆమె వెంటనే.

"ఒంటి మీద ఇనుము ఉండకూడదు. హుక్కు, జిప్పు, బొత్తాం ఏదీ. పిల్లల సైజు గౌన్లు వాళ్ల దగ్గర లేవు. నూలుబట్టలు వేసి తీసుకెళ్లండి."

పిల్ల బట్టలన్నీ వెతికితే ప్రతిదానికీ ఏదో ఒక హుక్కో జిప్పో ఉంది. కంపెనీలో మిగుళ్ల కింద ఇచ్చిన తెల్ల నూలుబట్ట తీసి, సాయంత్రం దీపం పెట్టకముందే ఆమె ఇంటి మిషను ముందు కూర్చుంది. బొందు లాగుడు పైజామా. జేబు లేదు, బొత్తాం లేదు. పిట్ట మిషను బల్ల కింద చాప మీద వెల్లకిలా పడుకుంది. కదలకుండా ఉండడం ప్రాక్టీసు. పాపాయిగా ఉన్నప్పటినుంచీ ఆ చోటు దానికి అలవాటే.

"అమ్మా, ఆ మిషను కూడా ఇలాగే మోగుతుందా?"

"ఇంకా గట్టిగా. కాజాలు కుట్టే మిషనులా డగడగడగ, అంచులు కుట్టే ఓవర్‌లాక్‌లా జుయ్యిమని. భయపడతావా?"

"కాజాల మిషనుకి భయమేంటి?"

"చేతికి ఒక రబ్బరు బంతి ఇస్తారట. భయమేస్తే నొక్కమంటారు. నువ్వు మాత్రం నొక్కకు. నొక్కితే మిషను ఆగిపోతుంది, మళ్లీ ఆరువారాలు."

"నొక్కను."

నడుం దగ్గర బొందు పోయే గొట్టంలో, పక్క కుట్టు మీద మడత పడ్డ చోట సూది విరిగింది. ఆమె ఉలిక్కిపడింది. రెండు ముక్కలు బల్ల మీదే ఉన్నాయి. మొన లేదు.

"కదలకు, అక్కడే ఉండు!" అని పిల్లని చాపతో సహా గోడవైపు లాగింది. పిల్ల చెప్పుల్లేకుండా తిరుగుతుంది, పాదంలో దిగితే? నేలంతా చీపురుతో ఊడ్చింది. తడిగుడ్డతో తుడిచింది. మళ్లీ ఊడ్చింది. చాప దులిపింది.

"నేల అరిగిపోతోంది అమ్మాయ్, కాస్త దాన్ని బతకనీ" అంది అత్త.

"మొన దొరకలేదత్తయ్యా."

"నువ్వు ఊడ్చిన ఊడ్పుకి అదెప్పుడో వీధి చివరికి చేరుంటుంది. రేపటి సంగతి చూడు."

కొత్త సూది వేసి మిగతా కుట్టు పూర్తి చేసింది. పడుకోబోయే ముందు కూడా చేత్తో నేల తడిమింది. బట్టని మాత్రం తడమలేదు.

* * *

స్కానింగు చేసే ఆవిడ ప్లాస్టిక్ చెప్పులేసుకుని, జుట్టు రిబ్బనుతో బిగించి కట్టి ఉంది. ఆమెచేత గాజులు, గొలుసు, జడపిన్నులు అన్నీ తీయించి ట్రేలో వేయించింది. ఇనుముంటే కూసే బెత్తెడు కర్రలాంటి పరికరం ఇద్దరి ఒంటిమీదా పైనుంచి కిందికి తిప్పింది. అది ఏమీ అనలేదు.

"పైజామా బాగుందే! ఎవరు కుట్టారు?"

"మా అమ్మ. కంపెనీ కుట్టు" అంది పిట్ట.

చేతి నరంలో సన్నటి గొట్టం గుచ్చినప్పుడు పిట్ట కన్నార్పలేదు. నర్సు "ఎంత మంచి పిల్లో! నొప్పే లేదు దీనికి" అంది. ఆ మెప్పు ఆమెకి ఎక్కడో చురుక్కుమంది.

చెవుల్లో దూది, పైన పెద్ద డొప్పలు. నడుం మీద పలక లాంటిదేదో కట్టారు. చేతిలో రబ్బరు బంతి పెట్టారు. బల్ల మెల్లిగా లోపలికి జరిగింది. తల్లి కాళ్ల దగ్గర కుర్చీలో కూర్చోవచ్చన్నారు. పిల్ల ఎడమ పాదం మీద ఆమె చెయ్యి వేసింది.

"అమ్మా" అంది పిట్ట, మిషను ఇంకా మొదలు కాకముందు. "నడుం దగ్గర ఏదో గుచ్చుతోంది."

మొదలుకాకముందే మొదలెట్టింది అనుకుంది ఆమె. గోడమీద గడియారం రెండూ నలభై చూపిస్తోంది.

"బొందు ముడి అయ్యుంటుంది. ఓర్చుకో."

"సరే."

డగడగడగ మొదలైంది. నిజంగా కాజాల మిషనే. పిల్ల పాదం రాయిలా ఉంది. ఆమె చప్పుళ్లు లెక్కపెట్టింది, లెక్క తప్పింది, మళ్లీ మొదలెట్టింది. హఠాత్తుగా చప్పుడు ఆగింది. తలుపు తెరుచుకుని స్కానింగు ఆవిడ వచ్చి బల్ల బయటికి లాగేసింది.

"ఇనుము ఉంది. ఎక్కడుంది?"

"లేదండీ. ఒట్టు. నేనే కుట్టాను."

ఆవిడ ఆమెని గాజు అద్దం అవతలికి తీసుకెళ్లి తెర చూపించింది. బూడిదరంగులో నడుం ఎముకలు, ఒక పక్కన గుండ్రటి బంతి. రెండో పక్క బంతి ఉండాల్సిన చోట నల్లటి రంధ్రం. ఇస్త్రీపెట్టె మర్చిపోతే బట్ట కాలినట్టు, అంచులు వంకర తిరిగి.

"ఎముక ఇలా అయిపోయిందా?" ఆమె గోడ పట్టుకుంది.

"ఎముక కాదమ్మా! ఇనుము దగ్గరుంటే బొమ్మని ఇలా తినేస్తుంది. ఆవగింజంత ముక్క చాలు, ఇంత చెరుపు. మరీ చిన్నదైతే మా కర్రకి కూడా చిక్కదు." ఇద్దరూ లోపలికొచ్చారు. ఆవిడ ఒక చెవి డొప్ప పక్కకి జరిపి పిల్ల మీదికి వంగింది. "ఏమ్మా, ఒంటికి ఏమైనా గుచ్చుకుంటోందా?"

పిట్ట తల తిప్పి అమ్మని చూసింది. నిన్న డాక్టరు బల్ల మీంచి చూసిన చూపే.

"లేదు" అంది.

మొన ఎక్కడుందో ఆమెకి అప్పుడు తెలిసింది. నేల మీద కాదు. వీధి చివరా కాదు.

బల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. పిల్ల చెవుల మీంచి డొప్పలు తీసింది.

"నువ్వు చెప్పావే. గుచ్చుతోందని చెప్పావు. నేను విన్నాను, నమ్మలేదు. ఇప్పుడు చూపించు, ఎక్కడ?"

పిట్ట కాసేపు అమ్మ ముఖాన్ని పరీక్షగా చూసింది. తర్వాత ఒక్క వేలు, తడుముకోకుండా, కుడి నడుం పక్క కుట్టు మీద పెట్టింది. ఆమె బొటనవేలి గోరుతో కుట్టుని నొక్కింది. మడతలో, దారాల మధ్య, బియ్యపు గింజలో సగం ఉన్న మొన గట్టిగా తగిలింది. బట్ట తప్పిస్తే లోపల చర్మం మీద ఎర్రటి చుక్క.

"కంపెనీలో అయితే మిషను కదపనివ్వరు" అంది, ఎవరితోనూ కాకుండా. "మొన దొరికేదాకా కదపనివ్వరు."

స్కానింగు ఆవిడ గడియారం చూసింది. మూడైంది. బయట చక్రాల కుర్చీలో ఇంకో పేషెంటు వచ్చి ఉన్నాడు.

"మేడం" అంది ఆమె లేచి. "తప్పు నాది. దానిది కాదు. ఆరువారాలంటే ఆ ఎముక..."

"ఆగమ్మా, ఏడవకు, నాకు లెక్క తప్పుతుంది." ఆవిడ వేళ్ల మీద ఏదో కూడుకుంది. "వదలగలిగిన బొమ్మలు వదిలేస్తా. మొదట చిన్నవి రెండు, ఆ తర్వాత మందు ఎక్కించి తీసేది. అదే ముఖ్యం. ఇరవై నిమిషాలు. మందు వెళ్లేటప్పుడు కదిలితే మాత్రం ఇవాళ్టికి ఇంక నావల్ల కాదు."

పెద్దవాళ్ల గౌను ఒకటి తెచ్చి మూడు మడతలు పెట్టి పిట్టకి చుట్టారు. "దుప్పట్లో పురుగులా ఉన్నాను" అంది పిట్ట. ఆమె మళ్లీ బంతి దాని చేతిలో పెట్టింది. ఏం చెప్పాలో ఆమెకి తెలుసు. నొక్కకు అనాలి. నోరు తెరిచింది.

"నొప్పేస్తే నొక్కు" అంది. "ఏమీ అనను. ఆపించేస్తాను."

"ఆరువారాలు?"

"అయితే అవుతాయి."

బల్ల లోపలికి జరిగింది. మొదటి చప్పుడు, రెండో చప్పుడు. పాదం రాయిలాగే ఉంది. మూడోది మొదలవకముందు, అద్దం అవతల ఏదో బీప్ బీప్‌మని మోగింది. పిట్ట బంతి నొక్కేసింది.

"ఏమైంది తల్లీ?" అని స్పీకర్లోంచి ఆవిడ గొంతు వచ్చింది.

సొరంగంలోంచి సన్నగా, "మోకాలు కింద ఖాళీగా ఉంది. తొడ లాగుతోంది. నొప్పి."

ఆ మాట విని ఆమెకి ఏడుపొచ్చింది. మొన్నటినుంచీ ఆ పిల్ల నోట ఆ మాట రాలేదు.

స్కానింగు ఆవిడ గబగబా వచ్చి, ఒక తువ్వాలు చుట్ట చుట్టి మోకాలి కింద దూర్చింది. "ఇప్పుడు?"

"ఇప్పుడు లేదు."

"మందు ఎక్కించకముందే చెప్పావు, బతికించావు. మధ్యలో అయితే అంతా పోయేది" అని ఆమె వైపు తిరిగింది. "బంతి నొక్కొద్దని చెప్తారు చాలామంది. పిల్లలు బిగబట్టి బిగబట్టి, సరిగ్గా మందు వెళ్లేటప్పుడే కదిలిపోతారు."

ఆమె తువ్వాలు చివర సర్ది, పాదం మీద చెయ్యి వేసింది. మందు చల్లగా వెళుతుందని స్పీకర్లోంచి చెప్పారు. జుయ్యిమని ఓవర్‌లాక్ మొదలైంది. ఈసారి ఆమె లెక్కపెట్టలేదు. పాదం అరచేతిలో వెచ్చగా, మెత్తగా ఉంది. బిగపట్టిన పాదానికీ, కదలకుండా ఉన్న పాదానికీ తేడా ఉంటుందని అప్పుడు తెలిసింది.

* * *

మర్నాడు డాక్టరు గది తెర మీద రెండు బంతులూ కనిపించాయి. మందు చేరాక ఎడమది వెలిగింది. కుడిదాంట్లో ముందు భాగం చీకటిగా ఉండిపోయింది.

"ఇక్కడికి రక్తం అందట్లేదు. కానీ చూడండి, గుండ్రంగానే ఉంది. ఎక్కడా నొక్కుకోలేదు" అన్నాడాయన పెన్ను చివరతో అంచు వెంబడి గీస్తూ. "ఎక్స్‌రేలో తెలియాలంటే ఇంకా కొన్ని నెలలు పట్టేది. అప్పటికి ఈ గుండ్రం ఉండేదో లేదో. ఇకనించి ఆ కాలి మీద బరువు వద్దు. చంకకర్రలు వారంలో వస్తాయి. అప్పటిదాకా ఎత్తుకోండి. చాలాకాలం చూసుకోవాలి. ఓపిక కావాలి."

"పూర్తిగా బాగవుతుందాండీ?"

"ఈ వయసులో మళ్లీ రక్తం రావడానికి అవకాశం బాగానే ఉంది. మాటివ్వలేను." ఆయన పిట్ట వైపు తిరిగాడు. "ఇవాళ నొప్పి ఉందా?"

పిట్ట డాక్టరు వైపే చూస్తూ, "పొద్దున ఉంది, మోకాల్లో. ఇప్పుడు లేదు" అంది.

బడి వదిలే వేళకి వాళ్లు ఆ వీధిలోకి వచ్చారు. చుట్టుదారి ఉంది. ఆమె కావాలనే ఈ దారి పట్టింది. పిల్లని చంకనెత్తుకుని, రెండో చేత్తో స్కాను బొమ్మల కవరు పట్టుకుని, గేటు దగ్గర ఆగింది. ఆటల టీచరు ఉంది. ఆ ఇద్దరు తల్లుల్లో ఒకావిడ ఉంది.

"ఏంటమ్మా, ఎత్తుకున్నారు? ముద్దు ఎక్కువైందా?" అంది టీచరు.

"దీని తుంటి ఎముకకి రక్తం అందట్లేదండీ" అంది ఆమె. దారంతా ఆ వాక్యాన్ని కూర్చుకుంటూ వచ్చింది. "ఇది మొదటినించీ నిజమే చెప్పింది. నేను నమ్మకుండా ఇక్కడే, మీ అందరి ముందూ కొట్టాను. అందుకని ఇక్కడికే వచ్చి చెప్తున్నా. తప్పు నాది."

టీచరు మెడలోని ఈలని గుప్పిట్లో పట్టుకుంది. "నాక్కూడా తట్టలేదమ్మా" అంది చిన్నగా. పిట్ట అమ్మ మెడలో ముఖం దాచుకుంది, సిగ్గుతో.

మలుపు తిరిగాక, "అమ్మా, దించు. అందరూ చూస్తున్నారు, పాపాయిలా ఉంది" అంది.

"చూడనీ."

"నిజంగా, ఇప్పుడు నొప్పి లేదు."

ఆమె ఆగి, కూతురి ముఖం తన వైపు తిప్పుకుంది. కళ్లు ఆమె కళ్లలోకే తిన్నగా చూస్తున్నాయి.

"నమ్మాను" అంది.

"మరి దించు."

"నమ్మాను గానీ దించను. డాక్టరుగారు వద్దన్నారుగా."

పిట్ట కుడికాలు గాల్లో వేలాడేసి, అమ్మ భుజం మీద గడ్డం ఆనించుకుంది. "సరే. నొప్పొస్తే చెప్తా" అంది.